పిలిస్తే వచ్చే పక్షి

హనఫీ ధర్మశాస్త్ర గ్రంథమైన ‘హిదాయా’లో వేట ప్రకరణం బోధించేటప్పుడు విద్యార్థులు ఒక చోట తప్పనిసరిగా ఆగి ప్రశ్న వేస్తారు. వేటకుక్క శిక్షణ పొందిందని ఎప్పుడు నిర్ణయించాలి? పట్టిన జంతువును తాను తినకుండా మూడుసార్లు యజమాని కోసం విడిచిపెట్టినప్పుడు. మరి డేగ సంగతి? దానికి ఈ షరతు లేదు. పిలిచినప్పుడు తిరిగి వస్తే చాలు, అది శిక్షణ పొందిన పక్షి. ఒకే పనికి ఉపయోగపడే రెండు ప్రాణులకు రెండు వేర్వేరు కొలబద్దలు ఎందుకు?

గ్రంథకర్త ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మ) నేటి ఉజ్బెకిస్తాన్‌లోని ఫర్గానా లోయకు చెందినవారు. హిజ్రీ 593లో, అంటే క్రీ.శ. 1197లో, ఇహలోకం వీడారు. ఆయన ఈ భేదానికి రెండు కారణాలు చూపారు. మొదటిది, డేగ దేహం దెబ్బలకు తట్టుకోలేదు. కుక్క దేహం తట్టుకుంటుంది. కనుక తిండి మానడాన్ని దెబ్బలతో నేర్పడమనే మార్గం పక్షి విషయంలో మూసుకుపోయింది. రెండవది, ఏ ప్రాణి అయినా తన సహజమైన అలవాటును విడిచిపెట్టడమే శిక్షణకు గుర్తు. కుక్క స్వభావరీత్యా మనిషికి చేరువైనది, అయితే దొరికినదాన్ని లాక్కుని తినేది. ఆ లాక్కోవడం మానితే అది నేర్చుకున్నట్లు. డేగ స్వభావరీత్యా మనిషిని చూసి బెదిరి పారిపోయేది. అది వెనుదిరిగి వస్తే నేర్చుకున్నట్లు.

పాతికేళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. చెప్పిన ప్రతిసారీ నాకు ఇది వేట సమస్యకన్నా పెద్ద సంగతిగానే తోస్తుంది. పక్షిని కొట్టి నేర్పలేము. ఆకాశమంతా దానికి తెరచి ఉంటుంది. అయినా అది మన చేతిపైకి తిరిగి వచ్చిందంటే, అందులో మన బలవంతం లేదని అర్థం. ‘అల్ మాయిద’ సూరాలోని 4వ ఆయతు వేట జంతువుల శిక్షణను ప్రస్తావిస్తూ, మీరు వాటికి నేర్పేది అల్లాహ్ మీకు నేర్పిన దానిలోనిదే అని గుర్తుచేస్తున్నది. శిక్షకుడికి గర్వించే తావు అక్కడ మిగలలేదు.

మా కడపలో ఇప్పుడు డేగలను పెంచేవారెవరూ లేరు. కానీ పక్షి లేని వీధి కూడా లేదు. పాత పట్టణపు మిద్దెలపై పావురాల పెట్టెలు, వరండాలలో రంగురంగుల చిన్న పిట్టల పంజరాలు, అక్కడక్కడ ఎవరికీ చెప్పకుండా లోపలి గదిలో దాచి పెంచే రామచిలుక. శుక్రవారం నమాజు తరువాత తల్లులు పిల్లల చేత నాకు ప్రశ్నలు పంపిస్తుంటారు. పక్షిని పెంచడం ధర్మసమ్మతమేనా? పెంచితే మచ్చిక ఎలా చేసుకోవాలి? రెక్కలు కత్తిరించవచ్చునా? ఈ వ్యాసం ఆ ప్రశ్నలకే.

దివ్య ఖుర్‌ఆన్‌లో పక్షులను మచ్చిక చేసుకునే ప్రస్తావన ఒక మహత్తర సందర్భంలో వస్తుంది. మృతులను ఎలా లేపుతావో చూపించమని హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) తన ప్రభువును వేడుకున్నప్పుడు, నాలుగు పక్షులను తీసుకొని, వాటిని తనవైపు మళ్లించుకొని, ఒక్కో కొండపై వాటి భాగాన్ని ఉంచి, ఆపై పిలవమని ఆజ్ఞ అయింది (అల్ బఖర, 260). అవి వడివడిగా ఆయన వద్దకు వస్తాయని వాగ్దానం. ఇక్కడి ‘సుర్‌హున్న’ అనే క్రియకు ‘నీ వైపు మళ్లించుకో, అలవాటు చేసుకో’ అనీ, ‘ముక్కలు చెయ్యి’ అనీ రెండు అర్థాలు చెప్పారు. పక్షులను కోసి భాగాలు చేశారనేదే అధికసంఖ్యాక వ్యాఖ్యాతల అభిప్రాయం. అయితే ముందు దగ్గరికి తీసుకొమ్మనడం ఎందుకు? వాటి రూపురేఖలను ఆయన బాగా గుర్తుపట్టాలని, తిరిగి బ్రతికి వచ్చినప్పుడు ఇవి ఆ పక్షులేనా అన్న సందేహం కలగరాదని వివరించారు. పక్షులు మనిషిని గుర్తుపట్టడం గురించే మనం ఆలోచిస్తాం. మనిషి పక్షిని గుర్తుపట్టాలన్న సంగతి ఈ వివరణలో ఉంది. పంజరంలో ఉన్న నాలుగు పిట్టలలో ఏది ఏదో చెప్పలేని ఇంట్లో మచ్చిక అనే మాటకు అర్థం లేదు.

ఇక అబూ ఉమైర్ హదీసు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉన్న ఈ ఉల్లేఖనం హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) ద్వారా మనకు చేరింది. ఆయన తల్లి ఉమ్మె సులైమ్ (రజి), మారుతండ్రి అబూ తల్హా (రజి). వారి చిన్న కుమారుడు అబూ ఉమైర్, అప్పుడప్పుడే పాలు మానిన పసివాడు. అతని దగ్గర ‘నుగైర్’ అనే చిన్న పిట్ట ఉండేది, దానితో ఆడుకునేవాడు. మహాప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ పసివాడిని ముద్దుపేరుతో పలకరించి, నుగైర్ ఏమైందని అడిగేవారు. పిట్ట చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉన్నప్పుడు కూడా అదే ప్రేమతో పలకరించారని మరికొన్ని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. ప్రవక్త మహనీయులకు తీరిక లేని రోజులవి. ఒక పసివాడి పిట్టను జ్ఞాపకం ఉంచుకొని అడిగారు.

ఇలాంటి చిన్న ముచ్చట్లను కూడా ఉల్లేఖిస్తారేమిటని ఎవరో హదీసువేత్తలను ఆక్షేపించారట. దానికి సమాధానంగా హిజ్రీ నాలుగో శతాబ్దపు షాఫయీ పండితుడు ఇబ్నుల్ ఖాస్ తబరీ (రహ్మ) ఈ ఒక్క హదీసు నుండే అరవై ప్రయోజనాలు వెలికితీసి ప్రత్యేక గ్రంథం రాశారు. పిల్లలు పక్షితో ఆడుకోవచ్చు, దానిని పంజరంలో ఉంచుకోవచ్చు అన్న నిర్ణయాలు వాటి నుండే ధర్మపండితులకు లభించాయి. అయితే అనుమతి పెంచుకోవడానికే తప్ప హింసకు కాదని వ్యాఖ్యాతలు వెంటనే హెచ్చరించారు. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, తానుగా వెతుక్కోవడానికైనా విడువక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైన హదీసు అందరికీ తెలిసిందే. పంజరానికీ అదే సూత్రం వర్తిస్తుంది.

పావురాల సంగతి వేరుగా చెప్పుకోవాలి. పావురం వెంట పరుగెత్తుతున్న మనిషిని చూసి మహాప్రవక్త (స) అతన్నీ ఆ పావురాన్నీ షైతాను పేరుతో పేర్కొన్న హదీసు అబూ దావూద్‌లో ఉంది. దీన్ని పట్టుకొని పావురం పెంచడమే హరామ్ అని తొందరపడి చెప్పేవారున్నారు. మన ఫుఖహా అలా చెప్పలేదు. గుడ్ల కోసం, పిల్లల కోసం, తోడు కోసం, ఉత్తరాలు చేరవేయడం కోసం పెంచడాన్ని అనుమతించారు. వారు నిరసించినది పందేలనూ, నమాజు వేళలు మరచే వ్యసనాన్నీ, మిద్దె ఎక్కి పక్క ఇళ్లలోకి తొంగిచూసే దుర్గుణాన్నీ. అలాంటి వాడి సాక్ష్యం న్యాయస్థానంలో చెల్లదన్నారు. మిద్దెలు ఒకదానికొకటి ఆనుకొని ఉండే మన వీధుల్లో ఈ మూడో కారణం ఎంత సూక్ష్మమైనదో నేను వివరించనక్కర లేదు.

చరిత్రలో పావురం సేవ చిన్నది కాదు. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ హిజ్రీ 567లో తన రాజ్యంలో పావురాల తపాలా నెలకొల్పాడు. మన పొరుగున ఒడిశా పోలీసులు 1946లో కోరాపుట్‌లో పావురాల విభాగాన్ని ఆరంభించి దశాబ్దాల తరబడి కొండ ప్రాంతాల స్టేషన్లకు సమాచారం పంపారు. అక్బరు చక్రవర్తి వద్ద ఇరవై వేలకు పైగా పావురాలుండేవని అబుల్ ఫజల్ రాశాడు. అక్బరు ఆ సరదాకు ‘ఇష్క్ బాజీ’ అని పేరు పెట్టాడు. పేరు బాగుంది గాని ఇరవై వేల పక్షులపై ఇష్క్ అంటే నాకు నమ్మకం కుదరదు.

పావురాన్ని ఇంటికి తిరిగి వచ్చేలా నేర్పే పద్ధతి మా మిద్దెలపై తరతరాలుగా ఒకటే. ఎగరడం అప్పుడే నేర్చిన పిల్లను కొన్ని రోజులు మిద్దెపైనే కంతల పెట్టెలో ఉంచుతారు. చుట్టూ ఉన్న మినార్లు, నీళ్ల ట్యాంకులు, దూరాన పాలకొండలు దాని కళ్లకు అలవాటు కావాలి. మేత వేసే ప్రతిసారీ ఒకే ఈల, లేదా జొన్నలున్న డబ్బా గలగల. పొద్దున ఆకలి మీద ఉన్నప్పుడు తలుపు తీస్తారు, తిన్న తరువాత కాదు. కాసేపు తిరిగి, డబ్బా చప్పుడు విని దిగుతుంది. పావురం దారి పట్టుకోవడంలో సూర్యుని స్థానం, భూమి అయస్కాంత క్షేత్రం, గాలి వాసనలు, కంటికి కనిపించే గుర్తులు అన్నీ పనిచేస్తాయని శాస్త్రజ్ఞులు అంటున్నారు. పక్షులు రెక్కలు విప్పుతూ ముడుస్తూ ఎగరడాన్ని చూడమని ‘అల్ ముల్క్’ సూరా 19వ ఆయతు మనల్ని పిలుస్తున్నది. ఆ చూపును విజ్ఞానం మరింత లోతు చేసింది.

గూటి నుండి పసికందుగా తీసి చేతితో పెంచిన పక్షి వ్యవహారం మరింత సున్నితమైనది. కోడిపిల్ల, బాతుపిల్ల గుడ్డు పగిలిన రోజే నడుస్తాయి. మొదట చూసిన కదిలే ప్రాణిని తల్లిగా ముద్ర వేసుకుంటాయి. ఈ సంగతిని విశదంగా పరిశీలించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. చిలుక, పావురం పిల్లలు అలా కాదు. కళ్లు మూసుకొని, ఈకలు లేకుండా, నిస్సహాయంగా పుడతాయి. వాటి ముద్ర నెమ్మదిగా పడుతుంది గాని లోతుగా పడుతుంది. మనిషి చేతిలోనే పెరిగిన పిల్ల పెద్దయ్యాక తన జాతి పక్షిని విడిచి మనిషినే జోడుగా భావించవచ్చు. పిల్లిని చూసి బెదరదు, కొత్త మనిషిని చూసి పారిపోదు. అంగడిలో ‘చేతితో పెంచినది’ అని ఎక్కువ ధర చెబుతారే, ఆ మచ్చిక వెనుక తల్లి నుండి విడదీసిన పసికందు ఉంటుంది. కొనేవారు ఒక్కసారి ఆలోచించాలి.

రెండేళ్ల కిందట మార్చి నెలలో మా మదర్సాలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. సిద్ధవటం వైపు పల్లె నుండి వచ్చి మా వద్ద ఉండి చదువుకునే పన్నెండేళ్ల విద్యార్థి ఒకడు సెలవు ముగించుకొని తిరిగివచ్చాడు. వాడి సంచిలో, పాత బట్ట పరచిన టిఫిన్ డబ్బాలో, పచ్చని ఈకమొలకలు అప్పుడే వస్తున్న రామచిలుక పిల్ల ఉంది. పెదనాన్న కొడుకులతో కలిసి పొలం గట్టున చింతచెట్టు తొర్ర నుండి రెండు పిల్లలను తీశారట. రెండోది మరునాడే చనిపోయింది. తొర్రలో ఇంకొక పిల్ల ఉందట. వీడు దీనికి రెండు రోజులుగా పాలన్నం మెత్తగా చేసి వేలితో పెడుతున్నాడు. పక్షులకు పాలు అరగవు. ఆ సంగతి వాడికి ఎలా తెలుస్తుంది? వాడి చేయి కనబడగానే ఆ పిల్ల నోరు తెరచి తలాడించడం నేను కళ్లారా చూశాను.

దీన్ని తిరిగి గూటిలో పెట్టాలన్నాను. వాడు కాసేపు మౌనంగా ఉండి, “హజ్రత్, అబూ ఉమైర్‌ను పిట్టను వదిలెయ్యమని ప్రవక్త (స) చెప్పలేదు కదా. నాకు మాత్రం ఎందుకు చెబుతున్నారు?” అని అడిగాడు.

ఆ హదీసును వాడికి నెల కిందట నేర్పింది నేనే. దాటవేయదగిన ప్రశ్న కాదు. అదే హదీసు సంపుటాలలో మరొక సంఘటన ఉందని చెప్పాను. ఒక ప్రయాణంలో సహాబా కొందరు ‘హుమ్మర’ అనే పిట్ట పిల్లలు రెండింటిని తీసుకున్నారు. తల్లి వచ్చి వారి పైన రెక్కలు పరచి కొట్టుకులాడింది. మహాప్రవక్త (స) అది చూసి, బిడ్డల విషయంలో దీన్ని వేదనకు గురిచేసింది ఎవరని అడిగి, తిరిగి ఇచ్చివేయమన్నారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖనం, అబూ దావూద్‌లో ఉన్నది. అబూ ఉమైర్ పిట్ట కోసం ఏ తల్లీ వచ్చి వాకిట్లో తిరగలేదు. నీ చిలుక తల్లి మాత్రం ఇప్పుడు ఆ చింతచెట్టు వద్దే ఉంది. ఇంకొక పిల్లను సాకుతున్నది కూడా. ఇదీ భేదం అన్నాను.

దేశచట్టం సంగతి కూడా చెప్పాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. మైనా, మునియా వంటి మన అడవి పక్షులన్నింటికీ ఇదే వర్తిస్తుంది. ఒప్పందాలను నెరవేర్చడం విశ్వాసికి విధి. మనం నివసించే దేశపు ధర్మబద్ధమైన చట్టం కూడా ఒక ఒప్పందమే. చిలుక పంజరం పట్టుకొని జోస్యం చెప్పేవాణ్ణి చూపి “వాళ్లు పెంచడం లేదా?” అంటారు కొందరు. జోస్యాన్నీ మనం ప్రమాణంగా తీసుకోము, ఆ పంజరాన్నీ తీసుకోనక్కర లేదు.

వాడి చివరి ప్రశ్న చట్టానికీ ఫిఖ్‌కూ సంబంధించినది కాదు. “రెండు రోజులుగా నా చేతిలోనే తింటున్నది. అది నన్ను మరచిపోతుందా?” అన్నాడు. మరచిపోతేనే అది బతుకుతుంది బేటా అన్నాను. అంతకన్నా మృదువైన జవాబు నాకు దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు.

అటవీ శాఖ ఉద్యోగి ఒకరిని ఫోన్‌లో సంప్రదించాం. గూడు తెలిసి ఉంది, తోడు పిల్ల అక్కడే ఉంది గనుక తిరిగి పెట్టడమే మేలని ఆయనా అన్నారు. మనిషి చేయి తగిలితే తల్లి పిల్లను వెలివేస్తుందన్న మాట మన పల్లెల్లో గట్టిగా నాటుకుంది. అది నిజం కాదు. అస్ర్ తరువాత వాడి తండ్రి ఆటోలో బయలుదేరాం. ఎక్కింది తండ్రి, కింద నిచ్చెన పట్టుకుంది కొడుకు. పిల్లను తొర్రలో పెట్టి, దూరంగా గట్టు వెనుక కూర్చున్నాం. మగ్రిబ్‌కు కొంచెం ముందు చిలుక ఒకటి వచ్చి కొమ్మపై వాలింది. చాలాసేపు అటూ ఇటూ చూసింది. తొర్ర అంచుకు దిగి, తల లోపల పెట్టి, ఆపై పూర్తిగా లోపలికి వెళ్లింది. తిరుగు ప్రయాణంలో పిల్లవాడు ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ పల్లెకు అవతల కనబడేవి లంకమల కొండలు. కడప జిల్లా పేరును ప్రపంచ పక్షిశాస్త్రం పుస్తకాలకెక్కించిన కలివికోడి అక్కడిదే. థామస్ జెర్డాన్ అనే ఆంగ్ల వైద్యుడు దానిని మొదట కనుగొన్నాడు. 1900 తరువాత ఎవరికీ కనబడలేదు, నశించిందనే అనుకున్నారు. ప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ తన జీవితకాలంలో దాని కోసం వెతికించారు. 1986 జనవరిలో స్థానిక వేటగాడొకడు రాత్రివేళ దీపం వెలుగులో దాన్ని పట్టాడు. ఎనభై ఏళ్లకు పైగా కనబడని పక్షి సజీవంగా మనిషి చేతిలోకి వచ్చింది. బందీగా అది ఎక్కువ కాలం బతకలేదు. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పెంచడానికి పుట్టని పక్షులుంటాయని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నా విద్యార్థులకు నేను చూపలేను.

కొన్ని నెలల తరువాత మదర్సా పక్క ఇంటి మిద్దెపై ఒక పిల్లి పెంపుడు పావురాల జంటను పొట్టన పెట్టుకుంది. పన్నెండు పదమూడు రోజుల పిల్ల ఒకటి మిగిలింది. ఇది అడవి పక్షి కాదు. తరతరాలుగా మనిషి నీడన పెరిగిన జాతి. తల్లి లేదు, తిరిగి పెట్టే గూడు లేదు. ఆ ఇంటివారు మా పిల్లవాడికే ఇచ్చారు. ఈసారి వద్దనడానికి నాకు కారణం లేదు.

పావురం పిల్ల మిగతా పిల్లల్లా నోరు తెరచి అడగదు. తన ముక్కును తల్లి నోటిలోకి, తండ్రి నోటిలోకి దూర్చి తింటుంది. మొదటి వారం రోజులు తల్లిదండ్రులిద్దరూ తమ మెడ అడుగున ఉన్న తిండిసంచిలో ఊరే పాలవంటి పదార్థాన్నే అందిస్తారు. పాలిచ్చే తండ్రి ప్రాణికోటిలో అరుదు. ఆ వయసు లోపు పిల్ల మనిషి చేతిలో దక్కడం చాలా కష్టం. ఇది ఆ గండం దాటినదే. పశువైద్యుణ్ణి అడిగి వచ్చి, రాత్రంతా నానబెట్టి మెత్తబడిన శనగలు, బఠాణీలు ఒక్కొక్కటిగా నాలుక వెనుకకు పెట్టడం నేర్చుకున్నాడు. పిండి కలిపి పెట్టేవారు మణికట్టుపై చుక్క వేసుకొని చూడాలి. వేడెక్కువైతే తిండిసంచి కాలుతుంది, చల్లబడితే అరగదు. మెడ కింద వేలితో తాకి, ముందు తిన్నది దిగిపోయిందని తెలిసిన తరువాతే మళ్లీ పెట్టాలి. ప్రేమ ఎక్కువై ఊరికే పెడుతూ ఉండడం వల్ల చచ్చే పిల్లలు ఆకలితో చచ్చేవాటికి తక్కువ కాదు. మా వాడు నమాజు వేళలను ఆధారం చేసుకున్నాడు. ఫజ్ర్, జుహ్ర్, అస్ర్, ఇషా. నాలుగు పూటలూ తప్పలేదు.

నెల నిండేసరికి తానుగా గింజలు ఏరుకుంది. అప్పటి నుండి దానిని ఎక్కువసేపు భుజంపై ఉంచుకోవద్దని, పక్కింటి పావురాల మధ్య వదలమని చెప్పాను. ఈ మాట వాడికి నచ్చలేదు. కానీ చేతితో పెంచినవాడు చేయవలసిన రెండవ పని ఇదే. పక్షికి తన జాతి భాష రావాలి. ఆ తరువాతే మిద్దెపై పెట్టె, డబ్బా చప్పుడు, ఈల. మొదటిసారి తలుపు తీసిన రోజు అది నీళ్ల ట్యాంకు మీద వాలి గంటసేపు దిగలేదు. పిల్లవాడి ముఖం వాడిపోయింది. రెక్కలు కట్టివేయమని పక్కన ఉన్నవారు సలహా ఇచ్చారు. నేను ‘హిదాయా’ పాఠం జ్ఞాపకం చేశాను. ఎగరలేని పక్షి మన వద్ద ఉండడం రావడం కాదు. రెక్క కత్తిరించిన పక్షికి మచ్చిక అయ్యిందో లేదో యజమానికి ఎన్నటికీ తెలియదు. గంట దాటాక, డబ్బా చప్పుడుకు దిగివచ్చింది.

పంజరపు చిన్న పిట్టలు పెంచే తల్లులకు కొన్ని మాటలు. మన అంగళ్లలో ‘లవ్ బర్డ్స్’ పేరుతో అమ్మేవి నిజానికి ఆస్ట్రేలియా నుండి వచ్చిన బడ్జీలు. అసలు లవ్ బర్డ్ ఆఫ్రికా పక్షి. బడ్జీలను పెంచడానికి చట్టంలో అడ్డు లేదు. ఆఫ్రికా బూడిదరంగు చిలుక వంటి ఖరీదైన విదేశీ పక్షులకు మాత్రం 2024 నియమాల ప్రకారం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. బడ్జీని తెచ్చిన మొదటి వారం ముట్టుకోకండి. పంజరం పక్కన కూర్చొని తస్బీహ్ చదువుకోండి, ఖుర్‌ఆన్ పారాయణ చేసుకోండి. మీ గొంతు దానికి పరిచయం కావాలి. తరువాత అరచేతిలో కొర్రలు పెట్టి కదలకుండా ఉంచండి. మొదటి రోజు రాదు, నాలుగో రోజూ రాకపోవచ్చు. వచ్చాక వేలిని పొట్ట కింద ఆనిస్తే ఎక్కుతుంది. రోజుకు రెండుసార్లు, పది నిమిషాలు చాలు. వెనుక నుండి గభాలున పట్టుకుంటే పది రోజుల శ్రమ ఒక్క క్షణంలో పోతుంది. పిల్లలకు ఇదొక్కటి గట్టిగా చెప్పండి.

గదిలో ఎగరనిచ్చేటప్పుడు ముందు పంకా ఆపాలి. మన ఇళ్లలో పెంపుడు పిట్టలను పొట్టన పెట్టుకునేవి రెండు: పిల్లి, సీలింగ్ పంకా. మాడిన నాన్‌స్టిక్ పెనం పొగ మనకు తలనొప్పి, పిట్టకు నిమిషాలలో మరణం. ఊదు, సాంబ్రాణి పొగ కూడా దూరంగా ఉంచాలి. మే నెలలో కడప ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు పక్షి నోరు తెరచి వగరుస్తుంది. దానికి చెమట పట్టదు. మట్టి మూకుడులో లోతు తక్కువ నీళ్లు పెడితే స్నానం చేస్తుంది. మిద్దె రేకు కింద పంజరం వేలాడదీయడం పిల్లిని కట్టివేసిన ఆ స్త్రీ పనికి దూరం కాదు.

మాట్లాడే పక్షుల గురించి ఒక ముచ్చట. చిలుక సలాం చెబితే జవాబివ్వాలా అని నన్నడిగినవారున్నారు. శిక్షణ ఇచ్చిన పక్షి నోట సజ్దా ఆయతు వింటే సజ్దా విధి అవుతుందా అన్న ప్రశ్నను మన హనఫీ పండితులు శతాబ్దాల కిందటే చర్చించారు. ప్రతిధ్వని విన్నట్లే, విధి కాదని తేల్చారు. వివేచన లేని ఉచ్చారణ తిలావత్ కాదు. మరో వైపు అమెరికాలో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1977 నుండి ‘అలెక్స్’ అనే బూడిదరంగు చిలుకకు శిక్షణ ఇచ్చారు. 2007లో చనిపోయే నాటికి అది రంగులు, ఆకారాలు గుర్తించి చెప్పేది, ఆరు దాకా లెక్కించేది. భూమిపై నడిచేవి, రెక్కలతో ఎగిరేవి అన్నీ మీవంటి సముదాయాలే అని ‘అల్ అన్ఆమ్’ సూరా 38వ ఆయతు తెలిపింది. ఫత్వా మారదు, కానీ ఆ ఆయతు చదివేటప్పుడు అలెక్స్ నాకు జ్ఞాపకం వస్తుంది.

పక్షిని తెచ్చుకునే ముందు పెళ్లికో ప్రయాణానికో వెళ్లేటప్పుడు దాన్ని ఎవరికి అప్పగిస్తారో నిర్ణయించుకోండి. బడ్జీ ఏడెనిమిదేళ్లు, పావురం అంతకన్నా ఎక్కువ, పెద్ద చిలుకలు కొన్ని దశాబ్దాలు బతుకుతాయి. మా మదర్సాకు షాబాన్ చివర నుండి షవ్వాల్ దాకా సెలవులు. కిందటి రంజాన్‌కు పిల్లవాడు ఊరికి వెళ్తూ పావురాన్ని మా వంటాయనకు ఒప్పగించాడు. ఈల నేర్పాలని రెండు రోజులు ప్రయత్నించాడు గాని, ముందు పళ్లు లేని వంటాయనకు ఈల రాలేదు. సహరీ ముగిశాక ఆయన మిద్దెపైకెక్కి గరిటెతో పళ్లెం మీద కొట్టేవాడు. నాలుగు రోజులు పావురం ట్యాంకు మీది నుండి చూసి ఊరుకుంది; ఆయన గింజలు పోసి దిగివచ్చాక తిని వెళ్లేది. అయిదో రోజు ఆయన ఉండగానే దిగింది. షవ్వాల్‌లో పిల్లవాడు తిరిగివచ్చి ఈల వేస్తే వెంటనే వచ్చింది. కాకపోతే ఇప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ వంటింట్లో పళ్లెం మోగినా సరే, దిగి వచ్చి గడప దగ్గర నిలబడుతున్నది.